మెంతుల వాసన వచ్చే వైన్

మధ్యాహ్నం రెండు దాటితే ఫ్రాన్స్ చిన్న ఊళ్లలో అన్నం పుట్టదు. లియాన్‌లో మూడేళ్లుగా ఉంటున్నాను, తెలిసిన సంగతే, అయినా పొద్దున లేటుగా రైలెక్కి అర్బువాలో దిగేసరికి రెండున్నర. రెండు హోటళ్లలో వంట అయిపోయిందన్నారు, మూడో చోట కుర్చీలు ఎత్తి బల్లల మీద పెట్టేస్తున్నారు. మన హైవే మీద నాలుగింటికి దిగినా ఎవరో ఒకరు వేడివేడిగా ఏదో ఒకటి పెడతారు కదా అని ఒళ్లు మండింది.

ఆ చిరాకులోనే, తలుపు తీసి ఉందని ఒక వైన్ కొట్లోకి వెళ్లాను. జురా కొండల వైపు వచ్చేదే వాన్ జోన్ కోసం, అంటే పసుపుపచ్చ వైన్. కొట్లో పెద్దావిడ గ్లాసు అడుగున కాస్త పోసి, వెంటనే తాగొద్దు, ముందు వాసన చూడు అంది.

మెంతులు! దోరగా వేయించిన మెంతులు. మే నెలలో మాగాయకి అమ్మమ్మ మెంతులు వేయించి రోట్లో పోసి దంచుతుంటే వీధి గుమ్మం దాకా వచ్చేది చూడండి, అచ్చం ఆ వాసన. ఫ్రెంచిలో మెంతుల పేరు చెబితే ఆవిడ అవునని తలూపింది. ఈ వైన్‌లో సోటోలాన్ అనే పదార్థం ఉంటుంది, మెంతులకు ఆ వాసన ఇచ్చేదీ అదే. ఇన్నాళ్లూ ఇది నాకెవరూ చెప్పలేదు.

తయారీ విన్నాక ఇంకా ఆశ్చర్యం. సవాన్యా ద్రాక్షతో చేసిన వైన్‌ను ఓక్ పీపాల్లో పోసి వదిలేస్తారు. అది ఆవిరై తగ్గుతున్నా పైన నింపరు. ఖాళీ అయిన చోట వైన్ మీద ఈస్ట్ తెల్లటి పొరలా కడుతుంది. మన జాడీలో అయితే పైన నూనె తేలకపోతే బూజు పడుతుందని ఎంత భయం! ఇక్కడ ఆ తెల్లటి పొరే లోపలిదాన్ని గాలి నుంచి కాపాడుతుంది. ద్రాక్ష కోసిన ఏడాది తర్వాత ఏడో ఏడు జనవరి వస్తే గానీ అమ్మకూడదు. లీటరు పోస్తే చివరికి మిగిలేది 620 మిల్లీలీటర్లని లెక్క, అందుకే దీని పొట్టి సీసా, క్లావ్‌లాన్, సరిగ్గా అంతే పడుతుంది. ధర 42 యూరోలు. ఎక్కువే, కానీ అన్నేళ్లు కాచుకుని కూర్చున్న మనిషిని బేరమాడటానికి నాకు నోరు రాలేదు.

మొదటి గుక్క నచ్చలేదు. తీపి చుక్కైనా లేదు, పులుపు, కాస్త ఉప్పన. అప్పుడావిడ 24 నెలలు ముగ్గిన కోంతే చీజ్ ముక్క, రెండు వాల్‌నట్ పప్పులు ముందు పెట్టింది. చీజ్‌లో సన్నటి తెల్ల రవ్వలు పంటి కింద కరకరలాడాయి, దాని మీద ఒక గుక్క వేస్తే ఇందాకటి పులుపు ఎటు పోయిందో, జీడిపప్పు వేయించిన నెయ్యిలాంటి కమ్మదనం చాలాసేపు నోట్లో నిలిచిపోయింది. ఆకలి వల్ల అంటారేమో. కాదు. రాత్రి కడుపునిండా తిన్నాక కూడా అలాగే ఉంది.

రాత్రి తిన్నది కోడికూర. ఇదే వైన్ పోసి, మీగడ, మోరెల్ పుట్టగొడుగులు వేసి ఉడికించారు, పక్కన అన్నం. 29 యూరోలు, రెండే ముక్కలు. మోరెల్ పైన తేనెపట్టులా, లోపల బోలుగా ఉంటుంది కదా, పులుసంతా అందులోకి వెళ్లి కూర్చుంది. కారం లేని కోడికూర ఇంత ఇష్టంగా తినడం నాకు ఇదే మొదలు.

మర్నాడు పాశ్చర్ ఇల్లు చూశాను. వైన్ ఎందుకు పాడవుతుందో 1860లలో ఆయన పరిశోధించింది ఈ ఊళ్లోనే. తిరిగి ఆ కొట్టుకే వెళ్లి ఒక సీసా, అరకిలో కోంతే కొన్నాను. ఫ్రిజ్‌లో పెట్టకు, తాగే ముందు కొన్ని గంటలు మూత తీసి ఉంచు, తెరిచాక వారాలున్నా చెడిపోదు అని ఆవిడ రెండుసార్లు చెప్పింది.

కోంతే అయిపోయింది. సీసా ఇంకా తెరవలేదు. జూన్‌లో అమ్మ మాగాయ పట్టుకుని వస్తోంది. తను తాగదు, వాసన మాత్రం చూపించాలి.