అర టాబ్లెట్

బోన్‌మారోలో (ఎముక మజ్జలో) లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, కణాలు కనిపించడం లేదని రిపోర్ట్ వచ్చింది. ఇక రెండేళ్ళు మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరగబెట్టకుండా వాడే మందులు: రోజూ రాత్రి సిక్స్ ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) అనే కీమో టాబ్లెట్లు ఒకటిన్నర, వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే ఇంకో కీమో మందు. "కష్టమైనదంతా అయిపోయిందమ్మా" అని డాక్టర్ గారు అనగానే అమ్మ అక్కడే ఏడ్చేసింది.

మూడు వారాలు తిరక్కుండానే నోటి నిండా పుళ్ళు. కీమో తర్వాత మళ్ళీ మొలిచిన జుట్టు పొద్దున లేచేసరికి దిండంతా పరుచుకునేది. తర్వాత 103 జ్వరం. మెయింటెనెన్స్‌లో కనీసం 500 ఉండాల్సిన న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 90కి పడిపోయాయి. పదకొండు రోజులు విడిగా ఒక గదిలో ఉంచి సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

వచ్చినవాళ్ళంతా అడిగింది ఒకటే. "లెక్క తప్పి ఎక్కువ వేసుకున్నావా?" అమ్మ ఖాళీ స్ట్రిప్పులు, రోజూ టిక్ పెట్టిన క్యాలెండర్ తెచ్చి చూపించింది. అయినా ఫైల్లో "మోతాదులో పొరపాటు?" అని రాశారు. ఆ ప్రశ్నార్థకం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మందు పడలేదేమో అన్న అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. సిక్స్ ఎంపీకి ముందు, అది శరీరానికి పడుతుందో లేదో తెలుసుకోవడానికి చూసే టీపీఎంటీ జన్యు పరీక్షలో నాకు అంతా నార్మల్. మోతాదు సగం చేసి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ రక్తకణాల కౌంట్లు పడిపోయాయి. అప్పుడు ఇంకో డాక్టర్ గారు ఫైలు మొదటి నుంచీ చదివి, "ఎన్‌యూడీటీ15 చూశారా?" అన్నారు.

చూడలేదు.

సిక్స్ ఎంపీ శరీరంలో చురుకైన రూపంలోకి మారి కణాల డీఎన్‌ఏలో చేరుతుంది. అది మితిమీరకుండా విరిచేసే ఎంజైమును ఎన్‌యూడీటీ15 జన్యువు తయారుచేయిస్తుంది. నాకు ఆ జన్యువులో మార్పు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చింది. అందరికీ సరిపోయే మోతాదు నా మజ్జకు విషమైంది.

ఈ మార్పు ఆసియా మూలాలున్నవాళ్ళలో, లాటిన్ అమెరికా మూలాలవాళ్ళలో కొందరికి ఉంటుంది. యూరప్ మూలాలవాళ్ళలో చాలా అరుదు. పరిశోధనలు ఎక్కువగా వాళ్ళ మీదే జరగడంతో టీపీఎంటీ ముందే దొరికింది, ఇది దొరకలేదు. మందు 1953 నుంచి వాడుకలో ఉంది. ఈ జన్యువుకూ దానికీ ఉన్న సంబంధం కొరియాలో పేగువాపు రోగుల్లో బయటపడింది 2014లో. జన్యువులను బట్టి మందుల మోతాదు సూచించే సీపీఐసీ అనే నిపుణుల బృందం 2018 నాటి మార్గదర్శకాల్లో దీనికి తగ్గ మోతాదులు చేరాయి. మధ్యలో నాలాంటివాళ్ళు ఎంతమంది "సరిగ్గా వేసుకోలేదు" అన్న మాట పడ్డారో అనుకుంటే కడుపు రగిలిపోతుంది.

కొత్త మోతాదు: అర టాబ్లెట్, అదీ వారంలో నాలుగు రోజులే. అంత తక్కువైతే జబ్బు తిరగబెడుతుందేమోనని రాత్రుళ్ళు టెన్షన్. డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు: "నీ కణాల్లోకి చేరే మందు తక్కువేం కాదు. మిగతావాళ్ళకు ఒకటిన్నర చేసే పని నీకు ఈ అర చేస్తుంది." వారం వారం కౌంట్లు చూస్తూ ఆ మాట నమ్మడం నేర్చుకున్నాను.

"మా నుంచే వచ్చిందా?" అని అమ్మ ఒక్కసారే అడిగింది. ఈ మందు అవసరం పడకపోతే జన్మంతా ఎవరికీ తెలిసేది కాదని చెప్పాను. తమ్ముడికీ పరీక్ష చేయించాం, ఒక కాపీ ఉంది. వాడి రిపోర్ట్ నా ఫైల్లోనే, మొదటి పేజీగా పెట్టాను.

మెయింటెనెన్స్ పూర్తయి పద్నాలుగు నెలలు. పోయిన వారం న్యూట్రోఫిల్స్ 3,200.