రిటైరయ్యాక ఏ ఊరు? మా ఇంట్లో తేలిన తీరు

మా వారి రిటైర్మెంట్ దగ్గరపడేసరికి ఇంట్లో రోజూ ఇదే చర్చ. ముప్పై ఏళ్లకు పైగా ఉన్న న్యూజెర్సీ ఎడిసన్‌లోనే ఉండిపోవాలా, పెద్దమ్మాయి ఉండే డాలస్ వైపు వెళ్లాలా, ఇండియా వచ్చేయాలా? వస్తే మా అత్తగారి ఊరు తెనాలికా, హైదరాబాదుకా, విశాఖపట్నానికా? ఇద్దరం అమెరికా పౌరులం, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకు ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డులున్నాయి. అంటే కాగితాల లెక్కలో మాకిప్పుడు ఇండియానే విదేశం.

ఆయన ఎక్సెల్ షీటు తయారుచేశారు. ఖర్చులు, పన్నులు, ఎండలు, ఆసుపత్రులు, విమానాలు, అన్నిటికీ మార్కులు వేశారు. హైదరాబాదు ముందుంది. కానీ ఆయన నాకంటే ఏడేళ్లు పెద్ద, గుండెకు స్టెంట్లు వేసి ఉన్నాయి. "ఏమండీ, మీ తర్వాత నేనొక్కదాన్నే ఉండాల్సొస్తే వీటిలో ఏ ఊరు?" అని అడిగాను. "అశుభం పలక్కు" అని లేచి వెళ్లిపోయారు. నేను వదల్లేదు. ఇద్దరూ ఓపికగా ఉన్న రోజుల్ని చూసుకుని ఇల్లు కొనుక్కుని, ఒకరు పోయాక ఆ ఇంట్లో దిక్కు తోచక ఉండిపోయిన ఆడవాళ్లు నాకు తెలుసు.

ఆ ప్రశ్నతో మొదట మారింది డబ్బు లెక్క. సోషల్ సెక్యూరిటీ అంటే అమెరికా ప్రభుత్వం ఇచ్చే పింఛను. ఇద్దరిలో ఒకరు పోతే రెండు సోషల్ సెక్యూరిటీలూ రావు, వాటిలో పెద్దది ఒక్కటే మిగులుతుంది. పూర్తి రిటైర్మెంట్ వయసు దాటాక 70 దాకా ఆగితే ఏడాదికి 8 శాతం చొప్పున పెరుగుతుంది, ఆ పెరిగిన మొత్తమే తర్వాత భార్యకు వస్తుంది. అందుకే ఆయన 70 నిండేవరకు తీసుకోలేదు. మనం ఇండియాలో ఉన్నా అమెరికా పౌరులకు ఆ డబ్బు ఆగదు. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం దాని మీద పన్ను వేసేదీ అమెరికానే.

ఇక ఊళ్లు. డాలస్ దగ్గర అమ్మాయి వాళ్లింట్లో ఒక శీతాకాలమంతా ఉన్నాం. మనవలతో పొద్దు తెలియలేదు. కానీ వాళ్లు స్కూళ్లకు, ఆఫీసులకు వెళ్లాక పాల ప్యాకెట్ కావాలన్నా కారు తీయాల్సిందే. ఆ హైవేల మీద డెబ్బై అయిదేళ్లకు నేను నడపలేను. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద మన సరుకులన్నీ దొరుకుతాయి, నిజమే. కానీ ఆ ప్రాపర్టీ టాక్సు ఒక్క సోషల్ సెక్యూరిటీతో కట్టగలనన్న ధైర్యం నాకు లేదు.

తెనాలి మీద ఆయనకు ప్రాణం. వాళ్ల నాన్నగారి ఇల్లు, పక్కన కాలవ, సాయంత్రం పలకరింపులు. బావగారు తమ పొలంలో ఒక ఎకరం మాకు అమ్ముతానన్నారు. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అంతే. ఫామ్‌హౌస్‌కీ అదే నిబంధన. పొలం సంగతి పోనివ్వండి, నన్ను ఆపింది ఆ ఇల్లే. గడప దాటగానే మూడు ఎత్తయిన మెట్లు, స్నానాలగది పెరట్లో, గుండె డాక్టరు కావాలంటే గుంటూరో విజయవాడో పరుగెత్తాలి. ఆయన తోటివాళ్లలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. పలకరించే అరుగులు సగం ఖాళీ.

హైదరాబాదులో నల్లగండ్లలో ఒక పెద్ద కాంప్లెక్సులో అద్దెకున్నాం. పైన పద్నాలుగో అంతస్తులో ఒక అక్క, భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు సియాటిల్‌లో. పాలు, కూరలు, మందులు అన్నీ ఫోన్లోనే తెప్పించుకుంటారు. "గుమ్మంలోకి రానిదంటూ లేదమ్మా, లోపలికొచ్చి కూర్చునేవాళ్లే లేరు" అన్నారు. గేటు దాటితే ఫుట్‌పాత్ లేదు, రోడ్డు దాటాలంటే భయం. ఆసుపత్రులు గొప్పవి, కాదనను. సాయంత్రం ఆరింటికి ఆ ట్రాఫిక్‌లో గచ్చిబౌలి దాకా వెళ్లే అంబులెన్సును చూశాక ఆయనే షీటులో మార్కులు దిద్దారు.

విశాఖ మా పిన్ని కూతురి పుణ్యం. ఎంవీపీ కాలనీలో ఉంటుంది. "అక్కా, కొనే మాట తర్వాత, ముందు పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకుండి చూడు" అంది. ఎవరికైనా నేను చెప్పే మాటా ఇదే. మొదటి వారంలోనే నాకు తేడా తెలిసింది. పొద్దున్నే సంచీ పట్టుకుని రైతుబజారుకు నడిచి వెళ్తాను. బెండకాయలమ్మే ఆవిడ మూడోసారికే మొహం గుర్తుపట్టి, "నిన్న రాలేదేటమ్మా?" అని అడిగింది. నాలుగు రోజులు కనబడకపోతే అడిగే మనిషి ఉండటమే నాకు కావలసింది. గుడి, బ్యాంకు, మందుల షాపు అన్నీ నడక దూరం. ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు దగ్గరే. రాత్రి రెండింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆటోలో వెళ్లి ఎంతసేపు పడుతుందో చూసుకున్నాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మేలో చెమట చెప్పనలవి కాదు, ఉప్పుగాలికి గ్రిల్స్ తుప్పు పడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఏం చేసిందో ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందుకే మెట్లెక్కినా ఆయాసపడని మొదటి అంతస్తు, లిఫ్టుకు జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకున్నాం. పిల్లలు అమెరికా నుంచి రావాలంటే విమానాలు మారాలి. చిన్నమ్మాయికి ఆ దిగులు ఇంకా పోలేదు.

వైద్యం సంగతి మాత్రం ముందే చూసుకోండి. అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. అది సాధారణంగా అమెరికా బయట పనికిరాదు. అయినా అందులో డాక్టర్ల ఖర్చులకు నెలనెలా డబ్బు కట్టే పార్ట్ బి భాగాన్ని మేం మానలేదు. 2025లో అది మనిషికి నెలకు 185 డాలర్లు ఉండేది. మానేసి మళ్లీ చేరితే, లేని ప్రతి పన్నెండు నెలలకూ 10 శాతం చొప్పున జీవితాంతం అదనంగా కట్టాలి. ఒంటరిగా మిగిలి పిల్లల దగ్గరికి వెళ్లాల్సొస్తే నాకు ఆ దారి ఉండాలి. ఇండియాలో 65 దాటినవాళ్లకూ కొత్త ఆరోగ్య బీమా ఇవ్వొచ్చని 2024లో నిబంధన మారింది. కానీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు కవరేజీ ఆపే వీలు కంపెనీలకుంది. కాబట్టి నిర్ణయం జరగగానే పాలసీ తీసుకోవడం మేలు. ఈ మధ్యలో వచ్చే ఖర్చుకు విడిగా కొంత డబ్బు పక్కన పెట్టాం.

అన్నేళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు ఇండియా పన్ను లెక్కల్లో సాధారణంగా రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ అనే మధ్యంతర హోదా ఉంటుంది, అప్పుడు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో ఆ లెక్క ఇండియాకు రాకముందే వేయించుకోండి. ఇండియాలో ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల వివరాల ఫారం దాఖలు చేయాలి. ఇది ఇన్నాళ్లూ ఆయనే చేసేవారు. ఈసారి నేను పక్కన కూర్చుని నా చేత్తో నింపాను. ఇక్కడి ఖాతాలన్నీ ఇద్దరి పేరునా, ఎవరు బతికున్నా తీసుకునేలా మార్పించాం. అమెరికా బయట ఉండేవాళ్లకు, ఇంకా అర్హులేనా అని అడుగుతూ సోషల్ సెక్యూరిటీ ఆఫీసు పంపే 7162 ఫారం తిరిగి పంపకపోతే డబ్బు ఆగిపోతుంది. ఆ కవరు వస్తే ఏం చేయాలో చీటీ మీద రాసి బీరువా తలుపుకు లోపల అంటించాను.