4.5 అంటే ఎన్ని మార్కులు?

పోయిన వారం మా ఎమ్మెస్సీ స్టూడెంట్ ఒకామె వాళ్ళమ్మను వెంటబెట్టుకొని కాలేజీకి వచ్చింది, కొల్లాపూర్ దిక్కు ఊరు వాళ్ళది. పిల్లకు పోలండ్‌లో ఒక సెమిస్టర్ చదివే ఛాన్స్ వచ్చింది, స్కాలర్‌షిప్‌తోని. అమ్మ కుర్చీలో గూడ సరిగ్గ కూచోలేదు, నన్ను అడిగింది ఒక్కటే మాట, "మళ్ళొస్తదా మేడం?"

పాలమూరులో ఆ మాట ఊరికే రాదు. ఇక్కడ ఎవరన్న "పోయిండు" అంటే బొంబాయి పోయిండనో పూణె పోయిండనో అర్థం, పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర ఇడిచిపెట్టి పోయిండని అర్థం. ఇప్పుడు చదువు కోసం పోవుడు గూడ అట్లనే అయింది, 2023-24లో ఒక్క అమెరికాలోనే మన దేశం పిల్లలు 3,31,602 మంది ఉన్నరు, అందులో మన ఊర్లనుంచి పోయినోళ్ళలో ఎక్కువమంది పొలం కాగితాలో ఇంటి కాగితాలో బ్యాంకులో పెట్టి పోయినోళ్ళే, అప్పు తీరేదాక వాళ్ళు రాలేరు. అందుకే ఆమెకు నిమ్మళంగ చెప్పిన, అమ్మా ఇది అట్లాంటిది కాదు, పేరు ఇక్కడి రిజిస్టర్‌లోనే ఉంటది, ఫీజు ఇక్కడే కడుతది, అక్కడోళ్ళు ఫీజు తీసుకోరు, ఖర్చులకు వాళ్ళే నెలకు 800 నుంచి 900 యూరోలు ఇస్తరు, సెమిస్టర్ అయిపోంగనే వచ్చి డిగ్రీ ఇక్కడే తీసుకుంటది అని.

దీని పేరు ఎరాస్మస్. 1987లో యూరప్ దేశాలు వాళ్ళ పిల్లలు ఒక దేశంనుంచి ఇంకో దేశం పోయి చదువుకొని రావాలని మొదలుపెట్టుకున్నరు, తర్వాత 2015 నుంచి మనలాంటి బయటి దేశాల యూనివర్సిటీలతోని గూడ ఒప్పందాలు చేసుకుంటున్నరు. నేను పోయింది గూడ దీంట్లోనే.

మాది మర్రిగూడ దిక్కు పల్లె. ఆ పేరు చెప్తే నల్గొండ జిల్లా వాళ్ళకు వేరే చెప్పే పని లేదు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మా తాత నడుము వంగిపోయింది, నా పండ్ల మీద గూడ ఆ గార ఉన్నది. పోలండ్‌లోని లుబ్లిన్ అనే ఊర్లో నా చదువు, అక్కడ మొదటి వారం నేను ఎవరితోని మాట్లాడినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే మాట్లాడేదాన్ని. డిసెంబర్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గూకేది. హాస్టల్‌లో పియెరోగీ అని పెట్టేటోళ్ళు, చూస్తే అచ్చం మన గర్జెలు, కొరికితే లోపల ఆలుగడ్డ, పనీర్ లాంటిది, అదిగూడ ఉడకబెట్టినయి. అవి చూసినప్పుడల్లా మా అమ్మ యాదికొచ్చేది.

నీళ్ళ శుద్ధి క్లాసులో ఒకరోజు మా టీచర్ ఎక్కడినుంచి వచ్చినవ్ అని అడిగింది, ఇండియా అన్న, ఇండియాలో ఎక్కడ అన్నది, హైదరాబాద్ అనబోయి ఎందుకో నల్గొండ అన్న. ఆమె మాట్లాడకుండ బోర్డు మీద రాసింది, నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు 1970లలో తయారుచేసింది, ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాక పోయిన పేరు అది. మా సిలబస్‌లో అది రెండు లైన్లు. అక్కడ ఆమె గంటన్నర చెప్పింది, చెప్పినంక నన్ను లేపి మీ ఊర్లో ఈ పద్ధతితోని నీళ్ళు శుద్ధి చేసే ట్యాంకులు ఎట్ల నడిచినయి, ఎందుకు ఆగినయి చెప్పమన్నది. పటిక డోసు రోజూ కొలిచి వేసేటోళ్ళు లేక, అడుగున పేరుకున్న బురద ఎక్కడ పారబొయ్యాల్నో తెల్వక మూలకు పడ్డయని చెప్పిన. ఆరోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఇదంతా మంచి ముచ్చట. అసలు కష్టం తిరిగొచ్చినంక మొదలైంది. నేను పీజీ చేసిన యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను. పోలండ్‌లో గ్రేడ్లు 2 నుంచి 5 దాక ఉంటయి, 2 అంటే ఫెయిల్, 3 అంటే పాస్, 5 అంటే అన్నిటికన్న మంచిది. నాకు మూడు సబ్జెక్టుల్లో 4.5 వచ్చింది. మా ఎగ్జామ్ బ్రాంచిలో దాన్ని మన పది పాయింట్ల లెక్కలో 4.5 అని ఎక్కించిన్రు! మెమో చేతికొచ్చినంక చూస్తే మూడింట్లో ఫెయిల్. క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టుకు ఎంత చదువు అని లెక్కగట్టే పాయింట్లు, గూడ అంతే, అక్కడ సెమిస్టర్‌కు 30, సంవత్సరానికి 60, మన లెక్క వేరే, ఎట్ల మార్చాల్నో ఎవరికీ తెల్వదు, ఫైలు ఒక టేబుల్ మీదనుంచి ఇంకో టేబుల్‌కు తిరిగింది. జూనియర్లతోని కలిసి మళ్ళ పరీక్షలు రాసుకో అన్నరు. ఎనిమిది నెలలు పట్టింది సరిచేయించుకోనికి. ఆ ఏడాది పీహెచ్‌డీ నోటిఫికేషన్ నా చేతిలోనుంచి పోయింది, ఇప్పటికీ ఆ మెమో చూస్తే కడుపుల మండుతది.

కోపం ఎవరి మీద పెట్టుకోవాలె? ఆ క్లర్క్ సార్ చెడ్డోడు కాదు, ఆయన జన్మల పోలండ్ మార్క్‌షీట్ చూడలేదు, ఆయనకు చూపించినోళ్ళు లేరు. పోకముందు లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం ఉంటది, అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టు కింద లెక్క, ఎన్ని క్రెడిట్లు అని రాసి స్టూడెంట్, ఇక్కడోళ్ళు, అక్కడోళ్ళు ముగ్గురూ సంతకం పెట్టాలె. నాది ఫ్లైట్‌కు రెండు రోజుల ముందు ఉరుకులాటలో పెట్టిన్రు, గ్రేడు ఎట్ల మార్చాలె అన్నది దాంట్లో ఒక్క ముక్క లేదు.

అందుకే నేను అందరికీ చెప్పేది, పిల్లల్ని పంపే ముందు టీచర్లను పంపండి, ఆఫీసోళ్ళను గూడ పంపండి. ఈ స్కీములో స్టాఫ్ ఐదు రోజులనుంచి రెండు నెలల దాక పోవచ్చు, పాఠం చెప్పేదానికి పోతే వారానికి కనీసం 8 గంటలు చెప్పాలె, ఆఫీసు స్టాఫ్ అయితే పని నేర్చుకోనికి పోవచ్చు. పోయిన స్టూడెంట్ ఒక్కరి బతుకు మారుతది, నాది మారింది, కాని ఎగ్జామ్ బ్రాంచిలో ఒక్కరు పోయి అక్కడ గ్రేడు ఎట్ల వేస్తరో కండ్లతోని చూసొస్తే తర్వాత పదేండ్లు పోయే పిల్లలందరికీ నా గతి పట్టకుండ ఉంటది. మన దగ్గరేమో సగం మంది కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ, వాళ్ళకు వారం ఓడీ, అంటే డ్యూటీ మీద పోయినట్టు లెక్కగట్టే సెలవు, దొరకుడే గగనం.

అక్కడోళ్ళు ఇక్కడికి రావుడు గూడ అంతే ముఖ్యం. లుబ్లిన్‌లోని మా టీచర్ తర్వాత ఒక వారం వచ్చింది, ఎనిమిది గంటల పాఠం చెప్పుడే కాకుండ మమ్మల్ని మర్రిగూడ, నాంపల్లి మండలాల పల్లెలకు తీస్కపోయింది, బోరు బోరుకు సీసాలల్ల నీళ్ళు పట్టించింది. మా ఊర్లో ఒక ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకొని "ఏ ఊరు బిడ్డా మీది" అని అడిగింది, నేను తర్జుమా చేసి చెప్పంగనే ఆమె కింద కూచొని ఆ ముసలమ్మ మోకాళ్ళు చూసింది, చానసేపు లేవలేదు. ఇరవై ఏండ్లనుంచి ఈ ఊరి పేరు పాఠంలో చెప్తున్న, ఇప్పుడు చూసిన అన్నది.

సరే, కొల్లాపూర్ పిల్ల సంగతి. ఆమె లెర్నింగ్ అగ్రిమెంట్‌కు ఈసారి ఇంకో పేజీ జతచేసిన, పోలండ్ 3 అంటే ఇక్కడ ఎంత, 4 అంటే ఎంత, 4.5 అంటే ఎంత, 5 అంటే ఎంత అని టేబుల్ గీసి డిపార్ట్‌మెంట్ హెడ్‌తోని ముద్ర వేయించిన. వాళ్ళమ్మ ఆ ముద్ర మీద వేలు పెట్టి చూసి, ఇదుంటే వస్తదన్నట్టేనా అన్నది, అవునమ్మా అన్న. ఎగ్జామ్ బ్రాంచి సంతకం ఒక్కటి మిగిలింది, సార్ వాల్యుయేషన్ డ్యూటీలో ఉన్నడు, సోమవారం నేనే తీస్కపోతున్న.