కేస్ షీట్‌లో లేని గడి

కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మెషీన్‌తో శుభ్రం చేసే డయాలిసిస్ యూనిట్‌లో నర్సులం మేం బరువు రాస్తాం, బీపీ రాస్తాం, కానీ రాత్రి నిద్ర పట్టిందా, ఇంట్లో ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడుతున్నారా అని రాసే గడి కేస్ షీట్‌లో ఉండదు. క్వాలిటీ ఆఫ్ లైఫ్, అంటే మనిషి బతుకు ఎంత బాగా సాగుతోందన్న దాని మీద నర్సింగ్ పరిశోధనలు పట్టించుకునేది దీన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నల పట్టిక ఒకటుంది, ఒంటి సంగతి, మనసు సంగతి, మనుషులతో సంబంధాలతో పాటు డబ్బు సరిపోతోందా, రాకపోకలకు ఇబ్బందా అని కూడా అడుగుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లె నుంచి వచ్చి నాలుగేసి గంటలు మెషీన్ మీద ఉండే జీడితోట కూలీకి ఇవే అసలు టెన్షన్లు.

1984లో లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు కష్టాన్ని తట్టుకోవడం గురించి రాస్తూ, సమస్యతో తలపడటం ఒకటి, మనసును కుదుటపరచుకోవడం ఇంకొకటి అన్నారు. ఒంట్లో నీరు చేరకుండా నీళ్లు కొలిచి తాగడం మొదటిది, దేవుడికి దణ్ణం పెట్టుకోవడం రెండోది. ఆ రెండోదాన్ని తక్కువగా చూడొద్దని మా జూనియర్లకు గట్టిగానే చెబుతాను, జబ్బు పూర్తిగా పోదని తెలిసిన మనిషికి చాలాసార్లు అదే ఆసరా. అలాగని "ధైర్యంగా ఉండు బాబాయ్" అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతే చాలదు. సూది పెట్టేటప్పుడే "ఈ వారం దేనికి ఎక్కువ ఇబ్బంది పడ్డావు?" అని అడగండి, చెప్పింది రాయండి, తర్వాతి షిఫ్ట్ వాళ్లకు కూడా చెప్పి వెళ్లండి.