పింఛనుకు చట్టం ఎందుకు కావాలంటే

2023 జూలైలో రాజస్థాన్ శాసనసభ కనీస ఆదాయ హామీ చట్టం చేసింది. మన దగ్గర దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నిజామాబాద్ జిల్లాలో పల్లె పోస్టుమాస్టరుగా తెలంగాణ ప్రభుత్వమిచ్చే ఆసరా పింఛను డబ్బు లెక్కపెట్టి చేతుల్లో పెట్టినవాణ్ణి కనుక నేను మాట్లాడతాను.

వృద్ధులకు, వికలాంగులకు, వితంతువులకు, ఒంటరి మహిళలకు నెలకు కనీసం 1,000 రూపాయలు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. మన ఆసరా 2,016 కంటే తక్కువే. అయితే ఏటా 15 శాతం పెంచాలని, అందులో 5 శాతం జూలైలో, 10 శాతం జనవరిలో కలపాలని చట్టంలోనే రాశారు. పెంచమని ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. మన దగ్గర 200 ఉన్న పింఛను 2014లో 1,000 అయింది, 2019లో 2,016 అయింది. ఆ తర్వాత ఐదేళ్లు దాటినా అక్కడే ఆగింది. నూనె, పప్పుల ధరలు మాత్రం ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 చేసి ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచి పని. కానీ అదీ ప్రభుత్వ ఉత్తర్వే, చట్టం కాదు.

పింఛను ఎంత అన్నదాని కంటే నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. బీడీలు చుట్టి చుట్టి వేలిగీతలు అరిగిపోయిన ఒక పెద్దమ్మ మా పోస్టాఫీసుకు వచ్చేది. యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టడానికి సతాయించేది. ఒక నెల అసలు జాబితాలోనే ఆమె పేరు లేదు. "బిడ్డా, నేను చచ్చిపోయానని రాశారా?" అని అడిగింది. కారణం రాసిన కాగితం ఒక్కటి కూడా ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. మళ్లీ దరఖాస్తు పెట్టించాం, కొన్ని నెలలకు పేరు ఎక్కింది. ఆ మధ్య నెలల డబ్బు రాలేదు.

అదే రేషన్ బియ్యమైతే, 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లాలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉండాలి. బియ్యం ఇవ్వలేకపోతే భత్యం చెల్లించాలి. ఇవన్నీ సరిగ్గా నడుస్తున్నాయని నేను అనను. కనీసం అడగడానికి ఒక తలుపు ఉంది.

పింఛనుకూ అలాంటి చట్టమే చేయాలి. పేరు తీసేసే ముందు రాతపూర్వకంగా కారణం చెప్పాలి. జవాబు చెప్పుకోవడానికి గడువివ్వాలి. తప్పు ప్రభుత్వానిదని తేలితే ఆగిన నెలలన్నిటికీ కలిపి చెల్లించాలి.