లావెక్కిన కుక్కకు నడక ఎంత, ఎలా?

లావెక్కిన కుక్కను మొదటిరోజే గంటసేపు తిప్పితే కొద్ది రోజుల్లోనే కుంటొచ్చు. అలా కుంటితే కొన్నాళ్లు నడకే ఉండదు. అందుకే చిన్నగా మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు పశువైద్యుడికి చూపించండి. థైరాయిడ్ తగ్గినా, కీళ్లు అరిగినా, గుండె బలహీనపడినా కుక్క బద్ధకంగానే కనిపిస్తుంది. నొప్పితో కూర్చున్న కుక్కను సోమరిదనుకుని గొలుసు పట్టి లాగేవాళ్లు తక్కువేం కాదు. బరువు ఎక్కువో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు: పక్కటెముకల మీద అరచేతులు ఆనిస్తే, గట్టిగా నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడినట్టు కనిపించాలి.

మొదటి వారం 10 నిమిషాల నడక, రోజుకు రెండుసార్లు చాలు. మరీ లావుగా ఉంటే 5 నిమిషాల చొప్పున మూడుసార్లు తిప్పండి. మొదటి రెండు మూడు నిమిషాలు వాసనలు చూసుకోనిచ్చి, ఆపైన కుక్క చురుగ్గా అడుగులేసే వేగానికి రండి. చివర్లో మళ్లీ నెమ్మది. ఇల్లు వదిలి దూరం పోకుండా దగ్గర్లోనే చుట్లు కొట్టండి, మధ్యలో కూలబడితే మోసుకు రావాల్సిన పని తప్పుతుంది. మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మేలు. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకైతే అది తప్పనిసరి.

ఎంత పెంచాలో మర్నాడు పొద్దున తెలుస్తుంది. పడుకున్నచోటి నుంచి లేవడానికి తంటాలు పడినా, మెట్టు ఎక్కడానికి వెనకాడినా, ఒకే కీలును పదేపదే నాకుతున్నా నిన్నటి నడక ఎక్కువైనట్టే. ఒకరోజు విశ్రాంతినిచ్చి, అంతకుముందు వారం నడిపినంతే నడిపించండి. అవేమీ లేకపోతే వారానికోసారి ఒక్కో నడకకు 2 నుంచి 5 నిమిషాలు కలపొచ్చు. నడకలో తోక ఊపుతూ ఉరికిందని అక్కడికక్కడే పొడిగించకండి. ఆ హుషారులో దానికి నొప్పి తెలియదు.

బంతి విసిరి పరిగెత్తించడం బరువు తగ్గేదాకా వద్దు. ఉన్నట్టుండి ఆగి మలుపు తిరిగినప్పుడు ఆ బరువంతా మోకాలి మీద పడి, అక్కడ ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగొచ్చు. ఈత చాలా మంచిది, నీళ్లు బరువు మోస్తాయి కాబట్టి కీళ్లకు ఒత్తిడి తక్కువ. లైఫ్ జాకెట్ మాత్రం వేయాల్సిందే.

ఎండ సంగతి మరవద్దు. కుక్క చాలావరకు రొప్పడం ద్వారానే ఒళ్లు చల్లబరుచుకుంటుంది, కొవ్వు పట్టినకొద్దీ అది కష్టమవుతుంది. మీ చేతి వెనుకభాగాన్ని 7 సెకన్లు నేలకు ఆనించలేకపోతే అప్పుడు నడక మానేయండి. మొదటినుంచీ మామూలుగా రొప్పే కుక్క ఒక్కసారిగా గురకపెట్టినట్టు ఊపిరి తీసినా, చిగుళ్లు నీలంగా మారినా నడక ఆపి వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

నిజం చెప్పాలంటే నడకతోనే బరువు దిగదు, గిన్నె కూడా తగ్గాలి. తిండిని కప్పుతో కాక వంటింటి కాటాతో గ్రాముల్లో తూచండి. నడకలో బహుమతిగా ఇచ్చే తిండి గుళికలు కూడా ఆ రోజు వాటాలోంచే తీయాలి. బయట తిప్పే వీల్లేని రోజు అవే గుళికలను ఒక్కొక్కటిగా గది ఆ మూలకీ ఈ మూలకీ దొర్లిస్తే పది నిమిషాల పని దొరుకుతుంది. నున్నటి గచ్చయితే జారకుండా చాప పరవండి.

వారానికి ఒంటి బరువులో 1 నుంచి 2 శాతం దిగితే సరైన వేగం. 30 కిలోల కుక్కకు అది 300 నుంచి 600 గ్రాములు. ఎత్తుకోగలిగినదైతే దాన్ని ఎత్తుకుని మనుషుల కాటా ఎక్కి, మీ బరువు తీసేసి, రెండు వారాలకోసారి రాసిపెట్టుకోండి. నెలరోజులైనా అంకె కదలకపోతే నడక పొడిగించే బదులు తిండి కొలత గురించి వైద్యుణ్ణి అడగండి.