పోటు గీతకు ఇవతల ఇల్లు: మా పట్టణ కౌన్సిల్ తీర్మానం వరకు నా అనుభవం

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో మాదొక చిన్న పట్టణం. సముద్రం వైపు చివరి వార్డులో ఉన్న మా బస్తీలో దాదాపు అందరూ తెలుగు మాట్లాడే మత్స్యకారులే. ఒడియావారు మమ్మల్ని నోలియాలంటారు. తాతల కాలం నుంచి అక్కడే కాపురాలున్నా, ఇంటి జాగా మాదని చెప్పే కాగితం ఏ ఇంట్లోనూ లేదు. ఆ కాగితం ఇవ్వాలా, ఇస్తే ఎక్కడి వరకు ఇవ్వాలి, సముద్రం వైపు పట్టణాన్ని ఎంతవరకు పెరగనివ్వాలి అన్న వివాదం మా నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్‌ను (చిన్న పట్టణాల పాలక సంస్థను) చాలాకాలం రెండు వర్గాలు చేసింది. బస్తీవాసుల సంఘంలో ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చినవాడిని కనుక దరఖాస్తుల పని నా మీద పడింది. ఇదే చిక్కులో ఉన్న తీరప్రాంతాల వారికి పనికొస్తుందని ఆ అనుభవాన్ని రాస్తున్నాను.

చిక్కు అంతా రెండు నిబంధనల మధ్య ఉంది. ఒడిశా ప్రభుత్వం 2017లో పట్టణ బస్తీవాసులకు భూమి హక్కు కల్పించే చట్టం చేసింది. 2018లో దాన్ని అమలు చేసే జాగా మిషన్ మొదలై, డ్రోన్లతో బస్తీలను చిత్రీకరించి, ఇంటింటి లెక్క రాసి, హక్కు పత్రాలు ఇవ్వసాగారు. ఆ పత్రం వారసులకు వస్తుంది, ఇంటి రుణానికి తాకట్టు పెట్టుకోవచ్చు, కాని అమ్మడానికి వీల్లేదు. ఆ చివరి షరతు మాలో కొందరికి నచ్చలేదు. సముద్రం కనిపించే జాగాకు బయటివారు ఎంత ధరైనా పెడతారని తెలిసిన నాకు మాత్రం ఆ చట్టంలో అన్నిటికంటే మేలైన షరతు అదేననిపించింది. రెండోది సీఆర్‌జెడ్ అని అందరూ పిలిచే తీర నియంత్రణ నోటిఫికేషన్. 2011 జనవరి నాటి ఆ నియమాల ప్రకారం, పట్టణ పరిధిలోనిదైనా పెద్దగా కట్టడాలు లేని తీరం మూడో తరగతిలోకి వచ్చేది, అక్కడ పోటు గీత (పోటు వేళ సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల వరకు నిర్మాణాలపై నిషేధం ఉండేది. 2019లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది గాని, తీర ప్రణాళిక పటాలను దాని ప్రకారం సవరించేదాకా పాత నియమాలే చెల్లాయి. మా ఇళ్లలో చాలావరకు ఆ 200 మీటర్ల లోపలివే. ఒకటి హక్కు ఇస్తానంటుంది, ఇంకొకటి కట్టొద్దంటుంది.

కౌన్సిల్‌లో ఒక వర్గం బస్తీ మొత్తాన్ని ఊరికి ఆ చివర కట్టే అపార్టుమెంట్లకు తరలించమంది. వారి మాటను కొట్టిపారేయలేము. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను ఈ తీరంలో ఎన్ని కప్పులు లేపేసిందో మాకంటే ఎవరికి తెలుసు? అయితే వేటకు పోయేవాడు చీకటి ఉండగానే గాలి చూసుకోవాలి, పడవకూ ఇంజనుకూ కాపలా ఉండాలి, పడవ ఒడ్డుకు చేరేసరికి ఆడవాళ్లు గంపలతో సిద్ధంగా ఉండాలి. మూడో అంతస్తు వరండాలో వల ఆరదు. పైగా మమ్మల్ని లేపిన జాగాను ఖాళీగా ఉంచుతామని ఎవరూ హామీ ఇవ్వలేదు. నన్ను ఎక్కువగా బాధించింది అదే.

ముందు ఎవరి ఇల్లు ఎక్కడుందో తేలాలని మేము పట్టుబట్టాం. తహసీల్ నుంచి భూమి కొలిచే అమీన్ వచ్చి టేపు పట్టాడు. డ్రోన్ పటంలో కప్పులు కనిపిస్తాయి గాని, ఒకే రేకు కింద రెండు కాపురాలుంటే ఆ సంగతి దానికి తెలియదు కనుక, ప్రతి గుమ్మం దగ్గరా మా సంఘం మనిషి ఒకరు నిలబడి పేర్లు చెప్పారు. పోటు గీత నుంచి వంద మీటర్ల గుర్తు మా వరస అత్త వంటింటి మధ్యగా వెళ్లింది. పొయ్యికి ఇవతల సున్నం గీత పడగానే ఆమె, “ఏటి బాబూ, నా పొయ్యి సముద్రంలోకెల్లిపోనాదా?” అని నిజంగానే భయపడి అడిగింది. అమీన్ టేపు కింద పెట్టి, అది కొలత గుర్తే తప్ప కూల్చే గుర్తు కాదని ఆమెకు ఓపికగా చెప్పాడు, నేను దాన్ని తెలుగులో మళ్లీ చెప్పాను. అలా గుర్తు మధ్యగా పోయిన ఇళ్లకు విడిగా జాబితా రాయించాం.

దారి చూపింది 2011 నోటిఫికేషనే. పోటు గీత నుంచి 100, 200 మీటర్ల మధ్య మత్స్యకారుల వంటి సంప్రదాయ తీరవాసుల ఇళ్లకు అనుమతి ఇవ్వవచ్చని అందులోనే ఉంది. అయితే రాష్ట్ర ప్రభుత్వం ఆ వాసులతో సంప్రదించి, తుఫాను రక్షణ, పారిశుద్ధ్యం చేర్చి సమగ్ర ప్రణాళిక తయారుచేయాలి, దాన్ని రాష్ట్ర తీర నిర్వహణ సంస్థ సిఫార్సు చేయాలి. నిషేధాన్ని అందరూ చదివారు, ఈ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని ఒడియాలో రాసి, కొలతల జాబితాతో కలిపి ప్రతి కౌన్సిలర్ ఇంటికీ వెళ్లి ఇచ్చాం.

తీర్మానం జరిగిన సమావేశంలో వాదన సాయంత్రం దాకా సాగింది. చివరకు కుదిరిన ఒప్పందం ఇది. పోటు గీత నుంచి 200 మీటర్లు దాటిన ఇళ్లకు ఉన్నచోటే హక్కు పత్రాలు ఇవ్వాలి. 100, 200 మీటర్ల మధ్యలోని ఇళ్ల కోసం సమగ్ర ప్రణాళిక చేయమని ప్రభుత్వానికి రాయాలి, అది తేలేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వంద మీటర్ల లోపలివారు ఒప్పుకుంటేనే, ఒడ్డుకు నడిచి వెళ్లగలిగేంత దూరంలోని ప్రభుత్వ భూమికి మార్చాలి. వారు వదిలిన నేల వలలు ఆరబెట్టుకోవడానికి ఉమ్మడిగా ఉండాలి, దానిలో లాడ్జీకి గాని దుకాణానికి గాని అనుమతి ఉండదు. 200, 500 మీటర్ల మధ్య నోటిఫికేషన్ చెప్పినట్టే తొమ్మిది మీటర్ల ఎత్తు, రెండు అంతస్తులు మించకూడదన్న నియమాన్ని మాకే కాక అందరికీ వర్తింపజేయాలని మేమే అడిగి రాయించాం. పట్టణం ఒక హద్దులో పెరగాలన్నవారు ఆ మాట మా నోట వింటామనుకోలేదేమో, ఆ తర్వాత వాదన మెత్తబడింది.

హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా వస్తుంది. మా వదిన తన పేరు ముందుందా లేదా అని వేలు పెట్టి చూసుకుని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. పత్రం ఉన్నవారు ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కేంద్రం ఇచ్చే లక్షన్నర సాయానికి దరఖాస్తు చేశారు. ఆ డబ్బు విడతలుగా వస్తుంది, పని ఒక దశ దాటాక ఫోటో తీసి నమోదు చేస్తేనే తర్వాతి విడత పడుతుంది కాబట్టి, చేతిలో కొంత సొమ్ము లేకుండా పునాది తవ్వవద్దని అందరికీ చెబుతున్నాను.

మధ్య ఇళ్ల ప్రణాళిక ఇంకా పైస్థాయిలోనే ఉంది. తీర్మానం నకలునూ కొలతల జాబితానూ సమాచార హక్కు చట్టం కింద తీసుకుని ఇంటింటికీ ఒక ప్రతి ఇచ్చాం. వచ్చే సమావేశంలో ఆ ఫైలు సంగతి అడగడానికి సంఘం తరఫున అర్జీ రాసి పెట్టాను.